చేపలు రెండుగా కనబడ్డ మధ్యాహ్నం

2004 వానాకాలంలో నేను వనపర్తి వైపు ఒక ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సును. ఏ దవాఖానో చెప్పను, తప్పు నాది గనుక.

పాము కరిచిందని వచ్చిన ప్రతివాళ్లకూ మేం విరుగుడు మందు ఎక్కించేవాళ్లం కాదు. రక్తం గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు ఉంచి, గడ్డకట్టిందా లేదా చూడాలి. కళ్లు, ఊపిరి గమనిస్తుండాలి. విషం ఎక్కిన గుర్తు కనబడితేనే డాక్టరుగారు మందు మొదలుపెడతారు. ఆ గుర్తు పట్టడం నర్సు పని.

ఆ మధ్యాహ్నం పల్లి చేన్లో కలుపు తీస్తూ కాటుపడ్డ చెన్నమ్మను తెచ్చారు. రక్తం సరిగానే గడ్డకట్టింది. వెంట వచ్చిన ఆడబిడ్డ అంజమ్మ ఆమె నోట్లో వేపాకు కుక్కి, "చేదుందా? నిద్రపోకే!" అని కుదిపేస్తోంది. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని అక్కడివాళ్ల నమ్మకం. కరిచిన కాలు కదలకూడదు. చెన్నమ్మేమో భయంతో గజగజ వణుకుతోంది. అంజమ్మను కసిరి బయటికి పంపాను.

నా దగ్గర అరచేతిలో పట్టే వీడియో గేమ్ ఒకటుండేది. బూరెబుగ్గల చేపలు పైనుంచి దిగుతాయి. ఒకే రంగువి మూడు కలిస్తే బుడగలై పోతాయి. వార్డులో ఎవరైనా పోయిన రోజు, పది నిమిషాలు అది ఆడితే గాని నా చేతులు నిలకడకు వచ్చేవి కావు. ఓడినా ఎవరూ చావని ఆట. దాన్నే చెన్నమ్మకిచ్చాను. వణుకు తగ్గింది, నాడి నెమ్మదించింది. నేను మురిసిపోయాను.

కాసేపటికి, "సిస్టరమ్మా, ఒక్కో చేప రెండు కనవడ్తుంది" అంది.

ఆట సాగేకొద్దీ చేపలు పెరుగుతాయని చెప్పాను. అది నిజమే, అందుకే అనుమానం రాలేదు. తర్వాత గడ్డం పైకెత్తి ఆడుతుంటే ఆటలో మునిగిందనుకున్నాను.

తలుపు దగ్గర నుంచి అంజమ్మ అరిచింది: "మేడం, జర దాని కండ్లు సూడుండ్రి! రెప్పలు లేస్తలేవు!"

వాలిన రెప్పల కింద నుంచి చూడటానికే ఆమె గడ్డం ఎత్తింది. చేపలు రెండుగా కనబడటమూ విషం నరాలకెక్కిన గుర్తే. డాక్టరుగారు పరుగున వచ్చి మందు ఎక్కించారు. ఊపిరి తగ్గిపోతే ఇద్దరం వంతులేసుకుని గాలిసంచి నొక్కాం. మర్నాటికి తనంతట తనే ఊపిరి పీల్చుకుంది. బతికింది. అంజమ్మ ముఖం చూడడానికి నాకు సిగ్గేసింది.

మొదటి గుర్తు కనబడ్డ సమయం కేసు షీటులో రాయాలి. అంజమ్మ అరిచిన సమయం రాస్తే నన్ను అడిగేవాళ్లు లేరు. చేపలు రెండుగా కనబడ్డ సమయమే రాసి, పక్కన 'నర్సు పట్టించుకోలేదు' అని చేర్చాను. హెడ్ నర్సు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను.

రోగి నెమ్మదిస్తే రోగం నెమ్మదించినట్టు కాదు. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ పాముకాటు కేసులో చుట్టాలను బయటికి పంపలేదు.