నాంచారమ్మ గారి పేజీ

మొన్న చార్టులు, స్కెచ్ పెన్నులు కొనడానికి విజయవాడ వన్ టౌన్ వెళ్లాను. వాన వెలిసి అరగంట కూడా కాలేదు. సందు మలుపులో ఎండుచేపల బస్తాలు వేసుకున్న తోపుడుబండి ఒకటి ఆటోల మధ్య ఇరుక్కుపోయింది. తడిసిన గోనెసంచుల్లోంచి వచ్చే వాసనకి నా పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను. చూసినవాళ్లు ఈవిడకి మతి గాని పోయిందా అనుకుని ఉంటారు. అనుకోనీ. నేను ఉద్యోగంలో చేరిన మొదటి బడిలో పిల్లల ట్యాబులు అచ్చం ఆ వాసనే వేసేవి. వాటి అద్దాల మీద చేప పొలుసులు అంటుకుని ఉండేవి. ఆ ట్యాబులతో పాఠం ఎలా చెప్పాలో నాకు నేర్పినావిడకి టైపు చేయడం రాదు. ఆవిడ పేరు నాంచారమ్మ గారు. ఆవిడ దగ్గర పనిచేశానని చెప్పుకోవడం నాకు గర్వం, ఆ మాట దాచుకోవడం నాకు చేతకాదు.

ఆ బడి బందరు దిగువన సముద్రం ఒడ్డు ఊళ్లో ఉంది. పిల్లల్లో ఎక్కువమంది వేటకెళ్లే కుటుంబాల వాళ్లు. నేను గుణదలలో పుట్టి పెరిగినదాన్ని, సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. కంప్యూటరు శిక్షణలన్నింటిలో ముందు వరసలో కూర్చున్నదాన్ని కాబట్టి తరగతిగదిలో పెద్ద తెర, పిల్లల చేతుల్లో ట్యాబులు చూడగానే ఈ బడిని ఉద్ధరించేది నేనే అని తేల్చేసుకున్నాను. నాంచారమ్మ గారు సోషల్ చెప్పేవారు. మూడేళ్లలో రిటైరవుతారు. మంగళగిరి నూలు చీర, కొంగు చివర ఎప్పుడూ సుద్ద మరక. నేను రంగురంగుల బొమ్మలతో తయారుచేసిన పాఠాన్ని స్టాఫ్ రూములో చూపిస్తే కళ్లజోడు సవరించుకుని ఆసాంతం చూసి, "బాగుందమ్మా, పెళ్లి వీడియోలాగా ఉంది," అన్నారు. అది మెచ్చుకోలు కాదని నాకు ఇంటికెళ్లాక తెలిసింది.

ఆవిడ తరగతిలో డస్టరుకి పెద్దగా పని ఉండేది కాదు. ఎవరైనా బోర్డు మీద తప్పు రాస్తే దాన్ని చెరిపేవారు కాదు. దాని మీద సన్నగా ఒక గీత గీసి, పక్కన ఒప్పు రాయించేవారు. పీరియడు అయ్యేసరికి బోర్డంతా గీతలే. తర్వాతి పీరియడు నాది. ఆ గజిబిజి చూసి విసుక్కుంటూ తుడుచుకునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, పోయేటప్పుడైనా తుడవొచ్చు కదా మేడం అని అడిగేశాను. "తుడిచేస్తే ఒప్పొక్కటే మిగిలిద్ది సునీతా. ఎక్కణ్ణుంచి వచ్చారో వాళ్లకే తెలీదు. గీత కింద తప్పు కనపడతా ఉంటే, ఇంత దూరం వచ్చానా అనుకుంటారు," అన్నారు. మాట వినడానికి బాగానే ఉంది. నేనయితే మర్నాడు కూడా విసుక్కుంటూనే తుడిచాను.

ఆ రోజుల్లోనే నేను అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ పేజీ గురించి స్టాఫ్ రూములో చూపించాను. ఒకే పేజీని ముప్ఫై మంది ముప్ఫై ట్యాబుల్లో తెరిచి ఒకేసారి రాయొచ్చు. ఇంటి దగ్గరైతే అమ్మానాన్నల ఫోన్లలో తెరుచుకోవచ్చు. ఒకరు రాసేది అందరికీ అప్పటికప్పుడే కనపడుతుంది, ఎవరు రాస్తుంటే వాళ్ల పేరు అక్షరాల పక్కనే చిన్న రంగు జెండాలా కదులుతుంది. మిగతావాళ్లు భలే ఉందన్నారు, టీ రాగానే మర్చిపోయారు. నాంచారమ్మ గారు మాత్రం ఒక్కటే అడిగారు, మాట్లాడని పిల్లలు కూడా ఇందులో రాయొచ్చా అని. రాయొచ్చన్నాను. అయితే రేపు నా తొమ్మిదో తరగతికి రా అన్నారు.

వెళ్లాను. పరువు పోయింది. ఒకరి వాక్యాన్ని ఒకరు చెరిపారు, చెరిపినవాళ్లది ఇంకొకరు చెరిపారు, సగం మంది సినిమా హీరోల పేర్లు రాశారు, పది నిమిషాల్లో పేజీ మొత్తం ఖాళీ అయిపోయింది. పిల్లలు చదవడమే తప్ప రాయడానికి వీల్లేకుండా తాళం వేసేస్తానన్నాను. నాంచారమ్మ గారు నా మాట పట్టించుకోకుండా పిల్లల వైపు తిరిగి, అలివి వల లాగేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడతారని అడిగారు. అలివి వలంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. రెండు తాళ్లు, తాడుకి పాతిక ముప్ఫై మంది. ఆ ప్రశ్నకి తరగతంతా కలిసి జవాబు చెప్పింది. తాడు మీద ఎవరి చోటు వాళ్లది. పక్కవాళ్లు అలిసిపోతే చెయ్యి వేయొచ్చు, వాళ్ల చోట్లోంచి వాళ్లని నెట్టకూడదు. నెట్టినవాళ్లకి ఆ పూట చేపల్లో వాటా ఉండదు. "మరి ఇదీ అంతే," అన్నారు నాంచారమ్మ గారు. పేజీలో ఒక్కొక్కరికి ఒక వరస ఇచ్చాం. ఎవరి వరస కిందయినా మన పేరు పెట్టి మాట కలపొచ్చు, చెరపకూడదు. తప్పయితే ఒక గీత. ఆ తర్వాత ఆ పేజీని ఎవరూ చెరపలేదు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరి సంగతికి వస్తున్నాను.

ఆ తరగతిలో దుర్గ అనే అమ్మాయి ఉండేది. పిలిస్తే లేచి నిలబడేది, అంతే, నోరు విప్పేది కాదు. వాళ్లమ్మ తిరుపతమ్మ తెల్లవారకముందే చేపల గంపలతో ఆటోలో బందరు మార్కెట్టుకి వెళ్లేది, వేట జోరుగా ఉన్న రోజుల్లో దుర్గని తోడు తీసుకెళ్లేది. వారంలో మూడు రోజులు హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు పక్కన సున్నాలే. అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక పూర్తిగా మానిపించేస్తానని తిరుపతమ్మ చెప్పేసింది. బడికి పోయి గోడ వంక చూసి రావడానికి చదువెందుకండీ అంది. నాంచారమ్మ గారు వాళ్లింటికి వెళ్లి, వాదన పెట్టుకోకుండా ఒక్కటే అడిగారు. ఆటోలో పోయేటప్పుడు నీ ఫోను పిల్లకివ్వు, పేజీలో రాస్తది, పరీక్షల దాకా చూసి అప్పుడు నీ ఇష్టం అన్నారు. పనిలో పనిగా, ఫోనులో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసుకుంటుందని తిరుపతమ్మకి కూడా చూపించారు. టైపు రాని నాంచారమ్మ గారు రాసేదీ అలాగే కదా.

ఆ వారం పాఠం తుఫాన్లు. పేజీ పైన నాంచారమ్మ గారు పెట్టిన ప్రశ్న, తుఫాను వస్తుందని మీ ఇంట్లో ముందుగా ఎవరికి తెలుస్తుంది, ఎట్లా తెలుస్తుంది అని. దుర్గ మొదటిసారి ఆటోలోంచి రాసింది. వాళ్ల నాయనమ్మకి టీవీ కంటే ముందే తెలుస్తుందట. పీతలు బొరియలు వదిలేసి ఇళ్ల వైపు ఎక్కి వస్తే వలలు లోపల పెట్టమంటుందట. గాలి లేకుండానే అల పెద్దదయితే ఎవర్నీ పడవ ఎక్కనివ్వదట. ఆ వరస కింద తరగతంతా ఎగబడింది. ఏ పీతలు, ఎన్ని రోజుల ముందు, నాయనమ్మ మాట ఎప్పుడైనా తప్పిందా. తప్పింది, రెండుసార్లు, అని కూడా దుర్గ దాచకుండా రాసింది. గాలి కంటే అల ముందుగా ఎందుకొస్తుందో నేను సైన్సు పీరియడులో చెప్పాల్సి వచ్చింది, నాకు సరిగ్గా తెలియక ఇంటికెళ్లి చదువుకుని వచ్చి మరీ చెప్పాను. బడిలో గొంతే వినిపించని పిల్ల నాలుగు రోజుల్లో ముప్ఫై మంది చేత చదివించింది. దుర్గ ఆ ప్రశ్నలూ జవాబులూ ఆటోలో అమ్మకీ, ఇంటికెళ్లాక నాయనమ్మకీ పైకి చదివి వినిపించేదని తర్వాత తెలిసింది.

ఇంతలో జిల్లా నుంచి ఒక ఆఫీసరు మా ఆన్‌లైన్ తరగతి చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం బడి వదిలాక నేను పేజీ ముందు కూర్చున్నాను. అక్షరదోషాలు, గీతలు, ఊరి మాటలు చూస్తే నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ చెప్పకుండానే శుభ్రం మొదలుపెట్టాను. గీతలన్నీ తీసేశాను. దుర్గ వరసలో పీతలూ నాయనమ్మా పోయి, పాఠ్యపుస్తకంలోని నాలుగు వాక్యాలు వచ్చాయి. పైన పేరు మాత్రం దుర్గదే ఉంచాను. పేజీ అద్దంలా ఉందనుకుని, చేతులు దులుపుకుని బస్సెక్కాను.

మర్నాడు దుర్గ రాలేదు. ఆఫీసరు వస్తున్నారని ఆ రోజు బడికి పంపుతానని తల్లి మాటిచ్చింది కూడా. ఫోను చేస్తే తిరుపతమ్మ ఎత్తింది. కోపంగా మాట్లాడలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. "మా అత్త చెప్పిన మాటలు మీ బడికి పనికిరాలేదంట గదండీ. తీసేసి ఏయో పెట్టారంట. పిల్ల ఆటోలో ఏడుత్తానే ఉంది. ఇంక పేజీ వద్దు, బడీ వద్దులెండి," అంది.

నేను నాంచారమ్మ గారి దగ్గరికెళ్లి చెప్పాను. తిట్టినా బాగుండేది. ఆవిడ ట్యాబు నా ముందుకి జరిపి, ఇందులో పోయింది మళ్లీ వస్తుందా అని అడిగారు. ఆ పేజీ తన పాత రూపాలన్నీ దాచుకుంటుంది. వెనక్కి వెళ్లి దుర్గ వరసని ఉన్నదున్నట్టు తెచ్చాను. అమ్మయ్య అనుకున్నాను. ఆవిడ అనుకోలేదు. నా నాలుగు వాక్యాలు కూడా కిందే ఉంచి వాటి మీద గీత కొట్టమన్నారు. అన్నిటికంటే పైన నాకొక వరస పెట్టుకుని, చేసిన పని నా పేరుతో రాయమన్నారు. ఆఫీసరు గారు చూస్తారు మేడం, కొత్త ఉద్యోగం అన్నాను. "చూడనీ. పిల్లలు రోజూ అందరి ముందూ తప్పులు రాస్తున్నారు. మనం ఒక్కరోజు రాయలేమా?" అన్నారు. రాశాను. దుర్గ వరస నిన్న నేను చెరిపాను, దుర్గ పేరుతో దుర్గ రాయని మాటలు పెట్టాను, తప్పు నాది, సునీత, సైన్సు టీచరు. ఇన్ని పరీక్షలు రాసినదాన్ని, ఆ రెండు లైన్లకి నాకు అరగంట పట్టింది. నాంచారమ్మ గారు తిరుపతమ్మకి ఫోను చేసి, పేజీ ఒక్కసారి పిల్ల చేత చదివించుకోమన్నారు.

ఆఫీసరు గారు వచ్చారు. పెద్ద తెర మీద పేజీ తెరిచాం. ఆయన కళ్లు సూటిగా మొదటి వరస మీదే పడ్డాయి. సునీత ఎవరని అడిగారు. లేచి నిలబడ్డాను. ఆయన వెనక బెంచీలో కూర్చుని పీతల సంగతి చదవడం మొదలుపెట్టారు. అప్పుడే నా వరస కింద ఒక కొత్త జెండా కదిలింది. దాని మీద పేరు తిరుపతమ్మ. అక్షరాలు ఒక్కొక్కటిగా కాకుండా గుత్తులుగా పడుతున్నాయి, ఎవరో ఫోనుకి మాట చెబుతున్నట్టు. నాంచారమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివారు. "నేను దుర్గ వాళ్లమ్మని మార్కెట్టులో ఉన్నాను వంజరం అయిపోయిందమ్మా రేపు రా పీతల సంగతి మా అత్త చెప్పింది నిజం దుర్గని రేపు పంపుతాను అది రాసింది ఉంచండి." మధ్యలో బేరానికొచ్చిన మనిషితో వంజరం చేప గురించి అన్న మాట కూడా పడిపోయింది. పిల్లలు నవ్వారు, ఆఫీసరు గారూ నవ్వారు. వంజరం మాట తీసేద్దామా టీచర్ అని ఎవరో అడిగితే, ఎందుకు, ఆవిడ వరస ఆవిడదే అన్నారు నాంచారమ్మ గారు. అప్పుడు ఆవిడ ముఖంలో చూసిన సంతోషం, సభల్లో మెమెంటోలు తీసుకునే ఏ టీచరు ముఖంలోనూ నాకు కనపడలేదు.

దుర్గ మర్నాడు వచ్చింది. పరీక్షలయ్యాక కూడా వచ్చింది. పది పాసై ఇప్పుడు ఫిషరీస్ డిప్లొమా చదువుతోంది. నాంచారమ్మ గారు రిటైరై మంగళగిరిలో చెల్లెలి ఇంటి దగ్గర ఉంటున్నారు, ఎప్పుడు కలిసినా ఈ కథ నేను చెప్పబోతే మాట మార్చేస్తారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేనిప్పుడు విజయవాడలో పనిచేస్తున్నాను. నా తరగతి పేజీలో మొదటి వరస నాదే. ఈ ఏడాది బడి తెరిచిన రెండో వారంలో అందులో ఇలా రాశాను, నిన్న ఒకరు అడిగిన ప్రశ్నకి నాకు జవాబు తెలియలేదు, తెలియదని చెప్పకుండా కసిరాను, తప్పు నాది అని. పిల్లలు ముందు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. కాసేపటికి, నేను కసిరిన పిల్ల పేరు నా వరస కింద మెల్లగా కదిలింది. పర్లేదు టీచర్, మళ్లీ అడగనా అని రాసింది. అడుగమ్మా అని రాశాను.