మునకచేను పేరు మార్చనివ్వని మా మేనత్త

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నంద్యాలలో మా అంగడి తలుపులు తీస్తుంటే ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన బస్సు ఎదురుగా ఆగింది. కండక్టరు దిగకుండానే కేకేశాడు. "అన్నా, మీ మేనత్త తెల్లారుజామున పోయిందంట. మీ నాయన నిన్ను బేగా రమ్మన్యాడు." తీసిన తలుపులు మళ్ళీ వేసి, తిరుగు బస్సులో ఆళ్ళగడ్డకు పోయాను.

చచ్చినవాని కండ్లు చారెడు అంటారు. మా అత్త కండ్లు చారెడని నేను రాయను. అవి చిన్న కండ్లే. కానీ ఎదుటివాడు అబద్ధమాడితే ముందు అవే పట్టుకునేవి. ఊళ్ళో సగంమంది ఆమెకు భయపడ్డారు, మిగతా సగం నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాయనకు అక్క. చిన్నతనంలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది, పిల్లలు లేరు. ఆమె పెండ్లికి మా తాత పసుపు కుంకుమ కింద ఊరి దిగువన, వాగు పక్కన ఒక చేను ఇచ్చాడు. దాని పేరు మునకచేను. దున్నినప్పుడల్లా అందులో రోళ్ళు, తిరగలి రాళ్ళు బయటపడేవి. ఒకప్పుడు అక్కడ ఇండ్లుండేవి. అత్త ఆ రాళ్ళన్నీ తెప్పించి మా ఇంటి గోడ వెంట పెట్టించింది. తెలియనివాళ్ళు ఎవరన్నా వాటి మీద కూర్చుంటే ఊరుకునేది కాదు.

"లేయప్పా. అది అరుగు గాదు, ఒకరి ఇల్లు" అనేది.

కర్నూలు రాజధాని అయిన ఏడు మా నాయనకు ఆశ పుట్టింది. ఇక జనమంతా మా వైపే వస్తారని, చేనును ఇండ్ల స్థలాలుగా కోసి అమ్ముదామని అన్నాడు. మునకచేను అంటే ఎవడు కొంటాడు? అందుకని లక్ష్మీనగరు అని పేరు పెట్టాడు. ఆ పేరుతో బోర్డు రాసింది నేనే. నాకప్పుడే పెండ్లయింది, నంద్యాలలో అంగడి పెట్టుకోవాలని ఉండింది. ఎర్రరంగుతో, వంకర లేకుండా, బాగా రాశాను.

అత్త బోర్డు చూసి, "లక్ష్మి వచ్చేది తర్వాత. ముందు గంగమ్మ వస్తాది" అంది.

"తాగేదానికే నీళ్ళు లేక సస్తాండాం. ఈ కరువు సీమలో మునిగేదానికి నీళ్ళు యాడివక్కా?" అన్నాడు మా నాయన. ఆ మాట నెలరోజులు ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఒకప్పుడు ఆ చేన్లోని ఇండ్లను ముంచిన వరదను కండ్లారా చూసిన ముసలివాళ్ళు ముగ్గురో నలుగురో మిగిలుండిరి. వాళ్ళూ స్థలాల బేరాల్లోనే ఉండిరి.

చేను ఆమెది కాబట్టి ఆమె సంతకం కావాలి. "అమ్ముకుంటే అమ్ముకోండి, నేను అడ్డం రాను. చేను పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాయాల" అంది. మా నాయన సరేనని, పత్రంలో లక్ష్మీనగరు అనే రాయించాడు.

రిజిస్ట్రార్ ఆఫీసుకు మొదటి స్థలం కొనేవాడు భార్యతో సహా వచ్చాడు. నంద్యాలలో చిన్న వ్యాపారం చేసుకునే మనిషి. పత్రం చదివి వినిపించి, రిజిస్ట్రారు అందరినీ అడిగే మాటే అత్తనూ అడిగాడు. "ఇందులో రాసింది నీకు సమ్మతమేనా అమ్మా?"

"కాదు."

అక్కడున్నవాళ్ళంతా తలలెత్తారు.

"ఆ పేరు తప్పు. మాది మునకచేను. అట్ల రాస్తే ఇప్పుడే సంతకం పెడతా."

"నలుగుర్లో నా పరువు తీస్తాండావ్ అక్కా" అని మా నాయన పండ్లు కొరికాడు. అత్త ఆయన వైపు చూడలేదు. కొనేవాడి భార్య వైపు తిరిగింది.

"నాకప్పుడు ఏడేండ్లమ్మా. ఈడ చినుకు పడల్యా. అందరూ మిద్దెల మీద జొన్నలు ఎండబోసుకున్యారు. వాన పడింది నల్లమల కొండలో. మిట్టమద్దేన్నం వాగు ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఆ చేన్లో ఏడిండ్లుండె. నాతో గచ్చకాయలాడే పిల్ల ఆడనే ఉండేది. మర్సనాడు చూస్తే రోళ్ళు మిగిలినాయి. ఆ పిల్ల దొరకనే ల్యా."

ఆ ఇల్లాలు మొగుడి చెయ్యి పట్టుకుని, "పోదాం పదండి" అంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆ రోజు సిగ్గుపడినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

"సంతకం పెట్టేదాకా నా ఇంట్లో కాలు పెట్టొద్దు" అన్నాడు మా నాయన. "నీ ఇల్లు నీకే ఉండనీ" అంది అత్త. పొద్దు గూకేలోపల రోళ్ళన్నీ బండికెక్కించుకుని, రోడ్డు పక్కన మిట్ట మీద కొట్టం వేయించుకుని ఉండిపోయింది. పోయేదాకా అక్కడే ఉంది. జొన్నరొట్టె తాను కాల్చుకుని తినింది కానీ ఒకరి గడప ముందు నిలబడలేదు.

ఊళ్ళో ఎవరు పునాది తీసినా పిలవకుండానే పోయేది. కాలితో మన్ను తట్టి, "యాడి మన్ను పోసినారు? నీళ్ళు ఏ పక్క పోవాల?" అని అడిగేది. ఆమె వస్తుంటే మేస్త్రీలు చాటుకు పోయేవాళ్ళు. "కరువు చెప్పి వస్తాది, నీళ్ళు చెప్పకుండా వస్తాయి" అనేది. రాజధాని హైదరాబాదుకు పోయినప్పుడు మా నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. "రాజధాని పోతే పోయింది. కొండ యాడికీ పోల్యా గదా" అంది అత్త.

ఒక ఏడు చేన్లోకి నీళ్ళు వచ్చాయి. మోకాలి లోతే. మా నాయనకు అదే పండగయింది. మిట్ట కింద నిలబడి, "చూడు! మోకాలి లోతే!" అని అరిచాడు. అప్పటికి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఆమె కొట్టంలో నుంచే జవాబిచ్చింది. "మట్టిగోడకు గొంతు మోకాలి కాడనే ఉంటాదిరా."

మా అత్తగారివాళ్ళ సాయంతో నేను అంగడి కట్టుకుంటున్నప్పుడు మేనత్త బస్సెక్కి నంద్యాలకు వచ్చింది. గడప చూసి, "ఇది చాలదు అల్లుడా. ఇంకో వరస రాయి వెయ్యి" అంది. మళ్ళీ నలుగురూ నవ్వుతారని విసుక్కుంటూనే వేయించాను. ఆ మరుసటి ఏడు వానలకు కుందూ నది పొంగి మా వీధికి వచ్చింది. పక్క అంగళ్ళలో బియ్యం, చక్కెర అన్నీ నానిపోయాయి. నా అంగట్లో అగ్గిపెట్టె కూడా తడవలేదు. పోయి ఆమె కాళ్ళకు మొక్కాలనుకున్నాను, మొక్కలేదు. మొహమాటం. అది నన్ను ఇప్పటికీ తింటోంది.

పెద్దకర్మ అయిన మూడోనాటికే చేను కొని స్థలాలుగా అమ్ముకుందామని ఒక సేఠు స్టాంపు కాగితం పట్టుకుని వచ్చాడు. చేను ఇప్పుడు మా నాయనది. అడ్డం చెప్పే మనిషి లేదు. కాగితంలో అన్నీ రాసుకొచ్చి చేను పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు.

"లక్ష్మీనగరనే గదా రాసేది?" అని అడిగాడు.

మా నాయన అతని చేతిలోంచి కలం తీసుకున్నాడు. కాగితాన్ని ఎడమచేత్తో అదిమిపట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని తానే రాశాడు. సేఠు వంగి చదివాడు.

"మునకచేనా? అట్ల రాస్తే ఎవురు కొంటారప్పా? ఆయమ్మ లేదు గదా ఇప్పుడు."

"మా యక్క లేదు. చేను ఉంది" అన్నాడు మా నాయన.

సేఠు కాగితం అడగకుండానే లేచి వెళ్ళిపోయాడు. మా నాయన మాత్రం తలెత్తలేదు. ఆ పేరు మీద సిరా ఆరేదాకా నోటితో ఊదుతూ కూర్చున్నాడు.