స్పీడు పిచ్చి వదిలించిన పాల సైకిలు

సహోదరులారా, సహోదరీలారా, నాకు తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్టు వాసనే పడదు, అందుకని నాకు విడుదల అవసరమే లేదని చాలాకాలం ధైర్యంగా చెప్పుకుని తిరిగాను, కానీ నా బంధకం నా కుడికాలి కింద, కారు యాక్సిలరేటర్ మీద ఉందని నాకు తెలియలేదు!

నా పేరు ఆనందరావు. మాది గుడివాడ వైపు. ఇక్కడి ఫ్యాక్టరీలో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చి, నేనూ నా భార్య సునందా ఏ.ఎస్. రావు నగర్‌లో కాపురం పెట్టాం. ఏపీ పది నంబరుతో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, కొన్న రోజునుంచి నాకు స్పీడు పిచ్చి పట్టుకుంది. ముందు ఏ బండి వెళ్తున్నా దాన్ని దాటాల్సిందే, ఎవడైనా నన్ను దాటాడంటే ఆ పూట అన్నం సహించేది కాదు. ఒకసారి ఊరేగింపుగా పోతున్న పెళ్లికొడుకు కారునే దాటేశాను, తీరా మేము వెళ్తున్నది ఆ పెళ్లికేనట, ఖాళీ కుర్చీల మధ్య ఇద్దరమే గంటసేపు కూర్చున్నాం!

చౌరస్తాలో కానిస్టేబుల్‌కి నేను బాగా అలవాటైపోయాను. "ఏంది సార్, మళ్ల మీరేనా? రైలు గిట్ల తప్పిపోతున్నదా?" అంటూ చలానా రాసేవాడు. నేను నవ్వేసి మళ్లీ తొక్కేవాణ్ణి. పక్క సీట్లో సునంద కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే నా భార్య ఎంత భక్తిపరురాలో అని మురిసిపోయేవాణ్ణి, ఒకరోజు చెవి పెట్టి వింటే ఆమె ప్రార్థన ఇది: "ప్రభువా, ఈ మలుపు దాటించు, తర్వాత మలుపు సంగతి అక్కడికెళ్లాక అడుగుతాను!"

అప్పుడైనా బుద్ధి రావాలి కదా, రాలేదు.

ఒక ఆదివారం ఉదయం ఆరాధనకు ఆలస్యమైంది. వెనక సీట్లో మా ఏడేళ్ల పాప జెస్సీ. కాప్రా చెరువు దగ్గర మలుపులో ఒక ఆటోను దాటబోయాను, ఎదురుగా సైకిల్ మీద మా వీధికి పాలు పోసే మల్లయ్య! బ్రేకు వేశాను, స్టీరింగ్ తిప్పాను, అయినా కారు అంచు తగిలింది. సైకిలు పడిపోయింది, క్యాన్లు దొర్లాయి, రోడ్డంతా పాలు. మల్లయ్య కుడి మణికట్టు పట్టుకుని లేచి కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను, ఆయన మాత్రం కారు వైపు చూసి, "లోపల పాప ఉన్నది గద సార్, జెర సూడుండ్రి, దెబ్బ గిట్ల తాకిందేమో!" అన్నాడు.

సహోదరులారా, ఆ ఒక్క మాటకు నా గర్వమంతా పాలతోపాటు మట్టిలో కలిసిపోయింది!

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, మణికట్టు విరిగిందని కట్టు వేశారు. పోలీసులు వస్తే తప్పంతా నాదేనని చెప్పాను. లైసెన్సు కొంతకాలం ఆపేశారు. ఆ రోజే ఆసుపత్రి వరండాలో గోడకు తల ఆనించి ప్రార్థించాను: "తండ్రీ, ఈ రోజు ఒక మనిషిని చంపేసేవాణ్ణి. ఈ కాలు నా మాట వినడం లేదు. నువ్వే పట్టుకో."

ఎలా పట్టుకున్నాడో వినండి! మల్లయ్య దిగులంతా చేతి గురించి కాదు, పాలు ఆగితే జనం ప్యాకెట్ పాలకు మళ్లిపోతారని. ఆయన భార్య లక్ష్మమ్మ గేదెల్ని చూసుకోగలదు గానీ సైకిలు తొక్కలేదు. నేను పోస్తానన్నాను. "మీరా సార్?" అని మల్లయ్య కట్టు నొప్పి మరిచి నవ్వాడు.

తెల్లారకముందే లేచి, సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని బయల్దేరాను. మొదటి రోజే అలవాటు కొద్దీ దిగుడులో జోరుగా పోనిచ్చాను, మూత ఊడి పాలు ప్యాంటు మీద పడ్డాయి, నా వెనకాల రెండు కుక్కలు! తిరిగొచ్చి చెబితే లక్ష్మమ్మ అంది, "నిదానంగ తొక్కుండ్రి సార్, ఇండ్లకు పోయేదాంక పాలు మిగలాలె గద!" నిదానంగా తొక్కాను. గిన్నె పట్టుకుని గడపలో నిలబడే ముసలమ్మలు పరిచయమయ్యారు, పరీక్ష రోజు ముందుగా పాలు అడిగే పిల్లలు పరిచయమయ్యారు. మల్లయ్య పడిన మలుపులోనే చిన్నపిల్లల బడి ఉంది, ఏళ్లుగా ఆ దారిన పోతున్నాను, అక్కడ బడి ఉందని నాకు తెలియదు! ఆ బడి బోర్డు కింద సైకిలు ఆపి ఏడ్చాను, ఏడ్చి, దేవుడు కాపాడిన పిల్లలందరి కోసం స్తుతించాను.

రెండు నెలలకు మల్లయ్య చెయ్యి బాగైంది. నాకు లైసెన్సు వచ్చింది. మొదటి రోజే ఒక ఆటో హారన్ మోగించుకుంటూ నన్ను దాటింది. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు! కాలు కదల్లేదు! ఆఫీసుకు ఆలస్యంగా చేరితే, ఒంట్లో బాగోలేదా అని అందరూ అడిగారు, బాగయింది అన్నాను. దేవునికే మహిమ!

కిందటి నెల బొల్లారంలో మల్లయ్య కూతురికి కొడుకు పుట్టాడు. చూడ్డానికి నా కార్లో రమ్మన్నాను. సునంద, లక్ష్మమ్మ, పాప వెనక, మల్లయ్య నా పక్కన. మొదట్లో ఆయన డోరు పిడి గట్టిగా పట్టుకున్నాడు. కొంచెం దూరం పోయాక చెయ్యి వదిలేశాడు. ఇంకొంచెం పోయాక తల వెనక్కి వాల్చాడు. కంటోన్మెంటు చెట్ల కింద పోతుంటే పక్కనుంచి గురక! నేను గుద్ది పడేసిన మనిషి, నా చేతిలో స్టీరింగ్ ఉండగా, నా పక్కనే హాయిగా నిద్రపోయాడు! నాకు కళ్లు మసకబారితే బండి పక్కకు ఆపి తుడుచుకుని, ఆయన లేవకుండా మెల్లగా పోనిచ్చాను.

ప్రియమైనవారలారా, మీ బంధకం పేరు ఏదైనా కావచ్చు, చిన్నదనుకుని నవ్వుకుంటున్నదైనా కావచ్చు, ఈ ఉదయమే ఆయన చేతికి ఇచ్చేయండి. మాట వినని నా కాలినే మార్చిన ప్రభువుకు మీది కష్టమా? ఆయనకే స్తోత్రం!