పొన్నచెట్టుకి దండ వేశారు

రంగుల్లో ఫోటోలు తీయమని నాకు చెప్పని మనిషి తెనాలిలో లేడు. బడిలో డ్రాయింగ్ చెప్పుకునేదాన్ని, పాత కెమెరాలో నలుపు తెలుపు రీలు వేసుకుని చెట్లనీ పుట్టల్నీ తీస్తుంటే, "టీచరుగారికి పిచ్చి ముదిరిందండి" అంటారు. ముదరనీ. ఆ ఫోటోలు మా ఇంటి బాత్రూంలో నేనే కడుక్కుంటాను. మధ్యలో ఎవరికేం నొప్పి?

మొన్నటి తుఫాను తగ్గగానే బాపట్ల బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో సముద్రం ఒడ్డున ఉన్న పల్లెపాలేనికి. సరుగుడు తోపంతా ఒకే పక్కకి పడుకుంది. తడి ఇసుక, విరిగిన కొమ్మలు, పైన మబ్బు. అందులో రంగేముంది, మీరే చెప్పండి.

ఊరి చివర పొన్నచెట్టు ఒక్కటే నిలబడి ఉంది, కాస్త ఒరిగి. ఉప్పుగాలికి ఆకులు చాలావరకు మాడిపోయాయి. పడవలు రాగానే బుట్టలు దింపి చేపల వేలంపాట పాడేది ఆ చెట్టు కిందే. ఆ నీడలోనే ఒక పెద్దమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. తల ముగ్గుబుట్ట, నోరు మాత్రం కత్తి.

"ఎండిపోయిందంట, కొట్టేస్తారంట అమ్మాయ్. ఇది పోతే నేనెక్కడ కూచోవాలి? ఎండలో మాడి చావాలా?" అంది.

అంత గాలికీ పడకుండా నిలబడ్డ ఆ చెట్టుని చూస్తే నాకు ముచ్చటేసింది. ఫోటో తీసి, పెద్దది చేసి, పటం కట్టించి, ఆదివారం చర్చి కాగానే తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టి వచ్చాను.

రెండు వారాలకి మళ్ళీ వెళ్ళేసరికి ఆ పటం చెట్టు మొదట్లో ఉంది. దానికి కుంకుమబొట్టు, బంతిపూల దండ, ముందు దీపం!

"ఏంటండీ ఇది?" అని పల్లె పెద్దని అడిగాను.

"నలుపు తెలుపు పటం కట్టించేది పోయినోళ్ళకే గదండీ. చెట్టు పోయిందని మీరే పటం తెచ్చారు, మేం పద్ధతి ప్రకారం దండేశాం. రేపు పొద్దున రేపల్లె కలప అడితి నుంచి రంపం వాళ్ళొస్తున్నారు."

పెద్దమ్మ నా మీద విరుచుకుపడింది. "బతికున్నదాన్ని పటం ఎక్కించావు గదే! నీ కెమెరా సముద్రంలో పడ!"

నాకు ఒళ్ళు మండిపోయింది. చెట్టు చుట్టూ తిరిగి చూశాను. మాడిన ఆకుల మధ్య కొమ్మకొమ్మకీ లేత చిగుళ్ళు! పెద్దకి చూపిస్తే, "మోడుక్కూడా నాలుగాకులొస్తాయి లెండి" అన్నాడు. ఫోన్లో రంగు ఫోటో తీసి చూపించాను. "ఫోన్లో ఏ రంగైనా పూస్తారండి. మా వాడు నన్నే ఎర్రగా చేశాడు. పటం ఎక్కినోళ్ళు మళ్ళీ దిగరండి" అని తేల్చేశాడు.

"అలాగా? చంపింది పటమేగా. ఆ పటంతోనే లేపుతాను, చూస్తూ ఉండండి" అన్నాను.

మామూలుగా తీస్తే నలుపు తెలుపులో మాడిన ఆకూ పచ్చాకూ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. మొదటి ఫోటోలో చెట్టు చచ్చినట్టు కనపడింది అందుకే. కెమెరా ముందు ఆకుపచ్చ గాజు బిగిస్తే పచ్చాకు తెల్లగా తేలుతుంది, మాడింది నల్లబడుతుంది. ఆ గాజు బిగించి రీలు అయిపోయేదాకా తీశాను. ఇంటికెళ్ళి అన్నం కూడా తినకుండా కడిగాను. నల్లటి చెట్టు నిండా తెల్లటి చిగుళ్ళు, కొమ్మకొమ్మకీ దీపాలు పెట్టినట్టు.

పొద్దున్నే వెళ్ళేసరికి ట్రాక్టరు వచ్చి ఉంది, రంపం చప్పుడు చేస్తోంది. నేను పరిగెత్తి ఫోటో తీసుకెళ్ళి పల్లె పెద్ద మొహం ముందు పెట్టాను. "ఆ తెల్లగా ఉన్నవన్నీ కొత్త చిగుళ్ళండి. లెక్కపెట్టుకోండి, చచ్చిన చెట్టుకి ఇన్ని వస్తాయా?"

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. జనం మూగారు. ఓడిపోయానని ఒప్పుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

"ఆకులన్నీ నెరిసిపోయినయ్యి గదండీ. సరే, చావలేదు. ముసల్దయిపోయింది. ఇంకెందుకు, కొట్టేద్దాం."

పెద్దమ్మ చేపలబుట్ట పక్కకి నెట్టి లేచింది. కొప్పు ఊడదీసింది. తెల్లటి జుట్టు వీపంతా పరుచుకుంది. వెళ్ళి చెట్టుకి ఆనుకుని నిలబడింది.

"నెరిస్తే కొట్టేస్తారేంట్రా? అయితే ముందు నన్ను కొయ్యి. నీ బొడ్డు కోసిన చేతులివి, వీటి దగ్గర మొదలెట్టు."

పల్లె పెద్ద రంపం వాళ్ళకి ఆపమని చెయ్యి ఊపాడు. రంపం ఆగింది. ట్రాక్టరు ఖాళీగా రేపల్లె దారి పట్టింది.

పెద్దమ్మ దండ తీసి ఇసుకలోకి విసిరేసి, పటం మీద బొట్టు కొంగుతో తుడిచేసింది. పాత ఫోటో లాగేసి కొత్తది పెట్టమంది. పెట్టాను. దాన్ని తనే చెట్టుకి తగిలించి, అందరికీ వినపడేలా అంది:

"ఈసారి దీనికి దండేసిన చెయ్యి విరగ్గొడతా."