మహబూబ్‌బీ ఇవ్వని వేలిముద్ర

గుడియాత్తం నేతవీధిలో అందరికన్నా ముందు మేలుకునేది మహబూబ్‌బీ రాట్నం. ఇరవై రెండేళ్లకే భర్త పోతే, లుంగీల మగ్గాలకు నూలు కండెలు చుట్టి కొడుకు ఖలీల్‌ను పెంచింది. తెలుగు నేతవాళ్ల మధ్యే పుట్టి పెరిగిన ఆమెకు కోపమొచ్చినా ప్రేమొచ్చినా తెలుగే. వేళ్లకంటిన అద్దకపు నీలం పండగనాడు కూడా వదిలేది కాదు.

1921 చలికాలంలో, వేలూరు మదరసాలో చదువుతున్న ఖలీల్ ఇంటికి వచ్చాడు. అక్కడ ఖిలాఫత్ వాలంటీర్లు తెల్లవాళ్ల సర్కారును ఎదిరించి సారాయి కొట్ల ముందు అడ్డంగా నిలబడి, వరసగా జైలుకు పోతున్నారు. తనూ పోవాలి. కానీ మదరసాలో పాఠం చెప్పే ఉస్తాదు అతని పేరు రాసుకోలేదు.

"కత్తి పట్టకపోయినా ఇదీ జిహాదే అన్నాడమ్మా ఉస్తాదు. శత్రువు ఊరిమీద పడితే తప్ప, తల్లి ఒప్పుకోకుండా కొడుకు కదలకూడదని మన న్యాయగ్రంథాల్లో ఉండాదంట. అడిగి రమ్మన్నాడు."

"అడిగినావు గదా. వద్దు. నాకుండేది నువ్వొక్కడివే."

ఖలీల్ మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మహబూబ్‌బీ రాట్నం తిప్పుతూనే ఉంది.

నాలుగో రోజు, వీధిలో ఆ సంగతి విని, అందరూ ఏట్టయ్య అని పిలిచే హెడ్ కానిస్టేబుల్ తిరువేంగడం కాగితమూ సిరా తీసుకుని వచ్చాడు. ఏం జరుగుతుందో చూద్దామని పక్కింటి పచ్చయమ్మ వెనకే వచ్చింది.

"కొడుకును పోవద్దన్నావంటనే! బుద్ధిమంతురాలివమ్మా. ఆ మాటే రాసినాము, వేలు పెట్టు. శుక్రవారం మసీదు ముందర చదివిస్తాము. తల్లి వద్దంటే పోరాటం చెల్లదని మీ శాస్త్రమే గదా చెప్తాది. ఇంక ఏ తల్లీ పంపదు."

మహబూబ్‌బీ రాట్నం ఆపింది. "మా శాస్త్రం యాడ చదివినావు ఏట్టయ్యా?"

"సారాయి కొట్లో చదివింటాడులే అక్కా!" అంది పచ్చయమ్మ.

తిరువేంగడం ముఖం కందింది. "వేలు పెట్టకపోతే వాడు జైలుకే. ఆలోచించుకో."

"వాడు అడిగినాడు, నేను వద్దన్నాను. అది నా కడుపులోనుంచి వచ్చిన మాట. దాన్ని ఎత్తుకపోయి ఊళ్లో తల్లులందరి నోళ్లు కట్టేస్తావా? నీ సర్కారు కోసం అన్నానా నేను?"

కాగితం గడప బయటికి తోసి, లోపలికి తిరిగింది.

"ఖలీల్, లెయ్యి. మా అమ్మ ఒప్పుకునిందని మీ ఉస్తాదుకు చెప్పు. కావాలంటే ఈ ఏట్టయ్యే సాక్షి."

ఖలీల్ లేచి ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆమె తన నీలం వేళ్లను మెల్లగా విడిపించుకుని, వాడికి దారి ఇచ్చింది.