ఎలుగుపిల్ల కాదు మహాప్రభో

అది ఎలుగుపిల్ల కాదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

కుందుర్పి పక్కన మా చేనిలో వేరుశనగ పీకే రోజు. ముందు రోజే వాన పడింది. నేలలో పదును ఉండగానే చెట్టు పీకాలి. ఆరిందంటే కాయలు తెగి భూమిలోనే ఉండిపోతాయి. ఏడాదికి మాకున్న పంట అదొక్కటే. కూలికొచ్చిన ఆడవాళ్లేమో గట్టు దిగడం లేదు. చేను మూల వాననీళ్లు పట్టేందుకు తవ్విన ఫారం పాండ్‌లో, ప్లాస్టిక్ పట్ట మీద జారిపోతూ పైకి ఎక్కలేక ఒక జంతువు గుర్రుమంటోంది. తెల్లటి వీపు, నల్లటి పొట్ట, పొడుగాటి గోళ్లు.

"ఎలుగుపిల్లప్పా. తల్లి యాడో ఈడే ఉంటాది. మేం చేన్లోకి రాము," అంది వాళ్లలో పెద్దావిడ.

కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి, ఊరుకుంటానా?

"పిల్ల కాదమ్మా, ఎదిగిందే. హనీ బ్యాడ్జర్ అంటారు. ఎలుగు జాతే కాదు. నీరుకుక్కకు దూరపు చుట్టం."

"తాగేదానికే నీళ్లు లేవు, మన కాడ నీరుకుక్క చుట్టం యాడిదప్పా?"

అందరూ ఒకటే నవ్వు. నాయన మాత్రం నవ్వలేదు. మాటిమాటికీ మట్టి పిడికిట్లోకి తీసుకుని, తడి చూసుకుంటున్నాడు.

నాకు ఇంకా పట్టుదల పెరిగింది. "బ్యాడ్జర్లన్నీ కూడా ఒకే ఇంటివి కావు. ఐరోపాది ఒక శాఖ, అమెరికాది ఇంకొకటి, మనది వేరే. నేల తవ్వి తవ్వి బతికినాయి కాబట్టి అన్నిటికీ అవే గోళ్లు, అవే పొట్టి కాళ్లు వచ్చినాయి."

"ఏ ఇంటిదైతే ఏమప్పా, తల్లి లేకుండానే పుట్టిందా?"

ఒళ్లు మండిపోయింది. గోనెసంచులు ముడివేసి నేనే లోపలికి వేలాడదీశాను. అది వాటిని పట్టుకుని ఎక్కి, నా మీదే పళ్లు ఇకిలించి, గుట్టవైపు వెళ్లిపోయింది.

హమ్మయ్య అనుకున్నానా, ఆడవాళ్లు కొంగులు దులుపుకుని లేచారు. "ఈ పొద్దు తల్లీబిడ్డా ఈడే తిరుగుతాంటాయి. రేపొస్తాం."

మాట ప్రకారం వచ్చారు. అప్పటికి ఎండకు నేల బండలా బిగిసిపోయింది. పట్టి లాగితే ఉత్త ఆకే చేతికొచ్చింది. పిడికెడు కాయల కోసం అందరం మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతున్నాం. వాళ్లమీద అరవాలని ఉంది. అరిస్తే కాయలు పైకి వస్తాయా?

నాయన పని ఆపి, విరిగిన గోళ్లతో రెండు చేతులూ నా ముందు చాపాడు.

"నిన్న నువ్వు చెప్పింది నిజమే రా. తవ్వి తవ్వి నావీ అట్లే అయినాయి చూడు."

అంతమందిలో ఆ పాఠం అర్థమైంది ఆయనొక్కడికే. నాకు ఏడుపొచ్చింది.