బావ పట్టుకెళ్లిన మంకీ క్యాప్

కిందటి నెలలో ఓ ఆదివారం పొద్దున్నే నాగాయలంక నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఇక లేరురా" అంది. నిజం చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరగకముందే నా పాడు మనసుకు తట్టింది ఒకటే మాట: ఇక్కడా ఆయనే ముందా!

బావంటే నాకు అసూయ. పోయిన మనిషి గురించి ఇలా రాయొచ్చా అని అడక్కండి. ఆయన ఉన్నన్నాళ్లూ ఒప్పుకోలేకపోయాను కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

నేను బందరులో ముప్పయ్యేళ్లు సోషల్ పాఠాలు చెప్పాను. గోడకు పటం తగిలించి, బెత్తంతో హిమాలయాలు చూపించాను. మా వైపు కాలవగట్టును మించిన ఎత్తు ఎక్కడుంది? ఒక్క మంచుశిఖరాన్ని కళ్లారా చూడాలన్నదే నా కోరిక. అది అక్క ద్వారా బావ చెవిన పడింది. "వేసవిలో చేలో పనేముందోయ్ మేష్టారూ, నేనూ వస్తా పద" అన్నాడు.

ఉత్తరాదిన కొండల్లో ఓ నేషనల్ పార్కు. నేను మూడు నెలల ముందు నుంచే మంగినపూడి సముద్రపొడ్డు ఇసకలో రోజూ నడిచాను. ఖరీదైన బూట్లు కొన్నాను. చదునైన ఇసకలో నడిచి కొండకు సిద్ధమయ్యాననుకోవడం మా డెల్టావాళ్లకే చెల్లింది. బావ మాత్రం అక్క చేసిన జంతికలు, ఆవకాయ సీసా సర్దుకున్నాడు. అంతే.

మొదటిరోజు దేవదారు చెట్ల మధ్య కాలిబాట. వాన పడి ఒకటే జారుడు. నేను పదడుగులకోసారి కూలబడుతున్నాను. బావ బూట్లు విప్పి, తాళ్లు ముడేసి మెడలో తగిలించుకున్నాడు. నారుకట్టలు మోస్తూ తడిగట్టు మీద నడిచినట్టే, బొటనవేళ్లు బురదలో గుచ్చి ఎక్కేశాడు. "మడమతో కాదోయ్, వేళ్లతో పట్టు. కాలికి తెలుస్తుంది, నువ్వు ఆలోచించకు" అన్నాడు. గైడు ఆ కాళ్లకేసి చూసి దణ్ణం పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను చెట్ల పేర్లు చెబుతుంటే ఆయన ఆకు నలిపి వాసన చూసేవాడు. పొదలోంచి రంగురంగుల అడవికోడి లేస్తే అదీ ఆయనకే కనబడింది. నేను కళ్లద్దాలు తుడుచుకునేలోపు ఎగిరిపోయింది.

రెండోరోజుకి నా మడమలు బొబ్బలెక్కాయి. శిఖరం కనబడే చోటు ఇంకా మూడు గంటల నడక. "నువ్వు లేకుండా నేనెందుకోయ్" అన్నాడు బావ. "మీరన్నా చూసి రండి బావగారూ" అన్నాను పళ్లు కొరుకుతూ. వెళ్తూ వెళ్తూ, తన తలకు తువ్వాలు చుట్టుకుని ఉండగానే, నా మంకీ క్యాప్ కూడా లాక్కున్నాడు. "నువ్వెలాగూ రగ్గులో ఉంటావుగా!" అని నవ్వాడు.

సాయంత్రం దిగొచ్చాడు. "ఏం లేదోయ్, అంతా పొగమంచు. మన చెయ్యి మనకే కనబళ్లా" అన్నాడు. అబ్బ, నా ప్రాణం ఎంత హాయిగా ఉందో! సిగ్గులేకుండా ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను. తర్వాత ఏ పెళ్లిలో ఎవరడిగినా ఆయనదదే మాట: "మా బావమరిదీ నేనూ వెళ్లామండీ. ఇద్దరికీ కనబళ్లా."

పెద్దకర్మ నాడు అక్క ఆయన ఫోను నా చేతికిచ్చింది. "ఇదేంట్రా, నీ టోపీలా ఉందే?"

ఫొటోలో మబ్బుతునక లేని ఆకాశం. ఎండకు తెల్లగా మెరుస్తున్న శిఖరం. దానికెదురుగా ఓ బండమీద, గాలికి ఎగరకుండా లోపల రాళ్లు కూరి నిలబెట్టిన నా మంకీ క్యాప్. వెనకభాగం మనవైపు, కళ్లసందు శిఖరం వైపు. దాని పక్కనే చాపుకున్న బురదకాలు ఒకటి.

ఆ టోపీ ఇప్పుడు నా బల్లమీదే ఉంది. దాన్ని చూసినా నాకు అసూయే. ఆ రోజు అది బావ పక్కన కూర్చుంది.